పాడయ్యే కాగితాల ఖర్చు ఎవరు భరిస్తారు?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. యంత్ర పరికరాలు తయారుచేసే ఒక సంస్థలో లెక్కల విభాగంలో 15 ఏళ్లుగా పని చేస్తున్నాను. ఆరేళ్లుగా రాత్రిళ్లు, సెలవు రోజుల్లో నీటిరంగులతో ప్రకృతి దృశ్యాలు చిత్రిస్తున్నాను. పోయిన ఏడాది రెండు బృంద ప్రదర్శనల్లో పాల్గొన్నాను; తొమ్మిది చిత్రాలు అమ్ముడయ్యాయి. మా విభాగానికి కొత్త మేనేజర్ వచ్చినప్పటి నుంచి ఆఫీసుకు బయలుదేరాలంటేనే కాళ్లు ఆడడం లేదు. ప్రతి చిన్న లెక్కకూ సంజాయిషీ, అందరి ముందూ మాటలు, సాయంత్రం ఇంటికి బయలుదేరే వేళకు కొత్త పని. పాల్ గొగాన్ షేర్ల వ్యాపారం వదిలేసి చిత్రకారుడు కాలేదా? నేనూ మూడు నెలల్లో రాజీనామా చేసి పూర్తిగా చిత్రకళకే అంకితం కావాలనుకుంటున్నాను. మావారు వద్దనడం లేదు, సరేననడమూ లేదు. పిల్లలిద్దరూ బడిలో ఉన్నారు. ఇంటి అప్పు మరో ఎనిమిదేళ్లు కట్టాలి. ధైర్యం చేయమంటారా? మరొక సందేహం కూడా ఉంది. నేను అమ్మిన ఒక సూర్యాస్తమయ చిత్రంలో వాడిన గులాబీ రంగే వేసిన మరో చిత్రం మా గోడ మీద ఉంది. అందులో ఆ రంగు వెలిసిపోతోంది. కొన్నవారికి ఈ సంగతి చెప్పాలా?

జవాబు: మూడు నెలల్లో రాజీనామా చేయవద్దు. మీ చిత్రాలు నేను చూడలేదు కనుక ఈ మాట మీ ప్రతిభ మీద తీర్పు కాదు. మీరు రాసిన ఉత్తరాన్ని బట్టి, ఆ ఉత్తరంలో మీరు రాయకుండా వదిలేసిన విషయాలను బట్టి చెబుతున్నాను. ఉద్యోగం గురించి రాసినప్పుడు మీ వాక్యాల్లో కోపం ఉంది, వివరం ఉంది, రోజూ జరిగే సంఘటన ఉంది. చిత్రకళ గురించి రాసినప్పుడు మాత్రం ఎన్నేళ్లు వేశారో, ఎన్ని అమ్ముడయ్యాయో తప్ప, రాజీనామా మరుసటి రోజు నుంచి ఏం వేయబోతున్నారో, ఇప్పుడు వీలుకానిది అప్పుడు ఎలా వీలవుతుందో ఒక్క ముక్క కూడా లేదు. ఒక్క సమస్యగా మీరు రాసిన దానిలో నాకు రెండు కనిపిస్తున్నాయి: ఒక మనిషి కింద పని చేయలేకపోవడం, ఒక కళను పూర్తికాలం సాధన చేయాలనుకోవడం. రెండింటికీ రాజీనామా ఒక్కటే మందులా కనిపించడం వల్ల అవి కలిసిపోయాయి. మీ మేనేజర్‌కు రేపు బదిలీ అయితే ఎల్లుండి కూడా మీరు రాజీనామా రాస్తారా? ఈ ప్రశ్నకు మొదట మీకు మీరే నిజాయితీగా జవాబు చెప్పుకోండి. రాయనని అనిపిస్తే మీకు కావలసింది వేరే విభాగమో, వేరే సంస్థో. లెక్కల పనిలో 15 ఏళ్ల అనుభవం ఉన్నవారికి అది దొరకడం అసాధ్యమేమీ కాదు, అందుకోసం చిత్రకళను అడ్డం పెట్టుకోవలసిన అవసరమూ లేదు. అయినా రాస్తాననే అనిపిస్తే మిగిలిన జవాబు మీ కోసమే.

గొగాన్ పేరు ఎత్తారు కాబట్టి ఆయన కథ పూర్తిగా చూద్దాం. ఆయన పారిస్‌లో షేర్ల మార్కెట్ ఉద్యోగంలో ఉన్నప్పుడే సెలవు రోజుల్లో చిత్రిస్తూ, 1879 నుంచి ఇంప్రెషనిస్టులనే కొత్త ధోరణి చిత్రకారుల ప్రదర్శనల్లో పాల్గొంటూ వచ్చారు. 1882లో అక్కడి మార్కెట్ కుప్పకూలిన తర్వాత ఆ వృత్తికి దూరమయ్యారు కాబట్టి ఆ నిర్ణయంలో ఆయన ధైర్యం ఎంతో, పరిస్థితుల ఒత్తిడి ఎంతో విడదీసి చెప్పడం కష్టం. ఆ తర్వాత అయిదుగురు పిల్లలున్న ఆ సంసారం కోపెన్‌హాగెన్‌లోని భార్య పుట్టింటివారి అండకు చేరింది, ఆయన కొంతకాలం అక్కడ టార్పాలిన్ గుడ్డ అమ్మే పనిలో ఉండి, 1885లో తిరిగి పారిస్ వచ్చేశారు, సంసారం మళ్లీ ఒక గూటికి చేరలేదు. ఆయన చిత్రాల గొప్పదనాన్ని కాదనను. ఉద్యోగం వదలడానికి నమూనాగా మాత్రం ఆయన్ను ఎంచుకోవద్దని చెబుతాను.

మీకు సరిగ్గా సరిపోయే మనిషి ఇంకొకరున్నారు. అమెరికాకు చెందిన చార్లెస్ బర్చ్‌ఫీల్డ్, 1893లో పుట్టి 1967లో మరణించారు. జీవితమంతా ప్రధానంగా నీటిరంగులతోనే పని చేశారు. కళాశాల చదువు ముగించాక ఒహాయో రాష్ట్రంలోని సేలం అనే చిన్న ఊరిలో, లోహపు సామాన్లు తయారుచేసే కర్మాగారంలో లెక్కల విభాగంలో చేరారు. అంటే మీరు కూర్చునే కుర్చీలాంటి కుర్చీయే. మధ్యాహ్న భోజన విరామంలో, సాయంత్రాల్లో, సెలవుల్లో బయటకు వెళ్లి చిత్రించేవారు. 1917లో ఆయన వేసినన్ని మంచి చిత్రాలు కొందరు జీవితమంతా వేసినా వేయలేరు. 1921లో బఫలో నగరానికి వెళ్లి గోడకాగితాల కంపెనీలో డిజైనర్‌గా చేరి, అక్కడ విభాగాధిపతి స్థాయికి ఎదిగారు. 1929లో న్యూయార్క్‌లోని ఒక గ్యాలరీ ఆయన చిత్రాల అమ్మకం బాధ్యత తీసుకున్నాకే ఆ ఉద్యోగం మానేశారు. ఆయనకూ అయిదుగురు పిల్లలు. మరుసటి ఏడాది, 1930లో, న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఆయన చిత్రాలతో ప్రత్యేక ప్రదర్శన ఏర్పాటు చేసింది. అందులో పెట్టినవి ఆయన 1916 నుంచి 1918 వరకు వేసిన నీటిరంగు చిత్రాలు. ఆయనకు అంత పేరు తెచ్చిన ఆ చిత్రాలు ఉద్యోగం వదిలిన తర్వాత తీరిక దొరికి వేసినవి కావు, చాలావరకు కర్మాగారపు లెక్కల మధ్య దొరికిన గంటల్లో వేసినవి. ఉద్యోగం మానేసిన తర్వాత కూడా పత్రికల కోసం గనులు, రైల్వేల చిత్రాలు వేసిపెట్టే పనులు ఒప్పుకున్నారు, తర్వాతి కాలంలో పాఠాలు చెప్పారు. సమయం లేకపోవడం వల్లనే మంచి చిత్రం రావడం లేదని మీరు నమ్ముతున్నట్లయితే, బర్చ్‌ఫీల్డ్ జీవితం ఆ నమ్మకాన్ని కొంచెం ప్రశ్నిస్తుంది. అయితే ఆయన కూడా చివరకు ఉద్యోగం మానేశారన్న సంగతిని నేను దాచడం లేదు. ఎనిమిదేళ్ల గోడకాగితాల పని తర్వాత, కొనేవారెవరో, అమ్మిపెట్టేవారెవరో స్పష్టమయ్యాక మానేశారు.

ఇక మీ మాధ్యమం సంగతి. ఈ విషయంలో కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే ఉద్యోగం వదిలి కళలోకి వెళ్లాలనుకునేవారికి ఇచ్చే సలహాలన్నీ కళలన్నిటికీ ఒక్కటేనన్నట్లు ఉంటాయి, నీటిరంగుల విషయంలో అది నిజం కాదు. తైలవర్ణ చిత్రంలో నచ్చని భాగాన్ని గీకి, దాని మీద మళ్లీ వేయవచ్చు. ఒకే చిత్రాన్ని నెలల తరబడి దిద్దుతూ కూర్చోవచ్చు. నీటిరంగులో వెలుగు అంటే కాగితపు తెలుపే. ఒకసారి దాన్ని కప్పేశాక పూర్తిగా వెనక్కి తెచ్చుకోవడం కుదరదు. తడి కాగితం మీద రంగు ఎంత దూరం పాకాలో నిర్ణయించేది కుంచెలోని నీరు, కాగితంలోని తడి, గాలిలోని తేమ. ఆ మూడింటి లెక్క తప్పితే ఆకాశం మధ్యలో కాలీఫ్లవర్ ఆకారంలో మరక తేలుతుంది. మెరుపు తగ్గుతున్న కాగితం మీద ఏ క్షణంలో రెండో పూత వేయాలో పుస్తకం చెప్పలేదు. అది చేతికి రావాలంటే కాగితాలు పాడుచేయడం తప్ప మార్గం లేదు. పది కాగితాల్లో రెండు నిలబడితే అది మంచి వారమే.

జీతానికి, ఈ కళకు ఉన్న సంబంధం సరిగ్గా ఇక్కడే ఉంది. మీరిప్పుడు ఆ ఎనిమిది కాగితాలను పాడుచేయగలుగుతున్నారంటే వాటి ఖర్చు మీ జీతం భరిస్తోంది కనుక. కాగితం ఖరీదు మాత్రమే కాదు, పాడైన ఆదివారం ఖరీదు కూడా అదే భరిస్తోంది. ఆ జీతం ఆగిపోయిన మరుసటి నెల నుంచి ప్రతి కాగితమూ అమ్ముడుపోవలసిన కాగితమవుతుంది. అప్పుడు చేయి తెలియకుండానే జాగ్రత్తపడుతుంది: ఇదివరకు అమ్ముడైన సూర్యాస్తమయాన్నే మళ్లీ వేస్తుంది, నీరు తక్కువగా వాడుతుంది, పూత ఆరే దాకా కాచుకుని అంచులు సరిచేస్తుంది, మంచి నూలు కాగితం బదులు చవక కాగితం తీస్తుంది. ముఖ్యంగా ఈ చివరిది ప్రమాదం. పూర్తిగా పత్తితో చేసిన, చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న కాగితం తీసుకునే తడిని చవక కాగితం తీసుకోలేదు. రంగు దాని మీద కూర్చోదు, రెండో పూతకు మొదటిది లేచిపోతుంది, లోపం తన చేతిదో కాగితానిదో నేర్చుకునేవారికి తెలియదు. నైపుణ్యం పెరగడం ఆగిపోయిందన్న సంగతి ఏడాది దాకా కనబడదు, ఎందుకంటే ఆ ఏడాదంతా చిత్రాలు తయారవుతూనే ఉంటాయి. కాబట్టి, “బతకడానికి సరిపడా సంపాదించగలనా?” అన్నది మీరు వేసుకోవలసిన రెండో ప్రశ్న. “ఉద్యోగం మానేశాక కూడా పదిలో ఎనిమిది కాగితాలను నిశ్చింతగా పాడుచేయగలనా?” అన్నది మొదటిది. దీనికి అవునన్న జవాబు వచ్చిన రోజున రాజీనామా రాయవచ్చు, అంతకు ముందు వద్దు.

ఆదాయం విషయానికి వస్తే, అమ్ముడైన తొమ్మిది చిత్రాల గురించి మీరు ఒక సంగతి రాయలేదు: కొన్నవారెవరు? స్నేహితులు, సహోద్యోగులు, బంధువులు ఎందరో, మీరెవరో తెలియకుండా చిత్రం చూసి ఆగిపోయినవారు ఎందరో వేరుచేసి లెక్కపెట్టండి. మొదటి వర్గం ప్రేమతో ఒకసారి కొంటుంది, రెండోసారి కొనమని అడగడం మీకే ఇబ్బందిగా ఉంటుంది. రెండో వర్గంలో ఇద్దరే ఉన్నా ఆ ఇద్దరే మీ నిజమైన ఆధారం. తర్వాత ఒక్కో చిత్రం ధరలో కాగితం, రంగులు, మౌంటు, ఫ్రేము, అద్దం, ప్రదర్శన రుసుము, అమ్మిపెట్టినవారి వాటా తీసేసి, చిత్రం వేయడానికి పట్టిన గంటలతో పాటు అది కుదిరేముందు పాడైన ప్రయత్నాల గంటలు కూడా కలిపి, గంటకు ఎంత మిగిలిందో చూడండి. మీరు లెక్కల మనిషి. ఈ పని నాకంటే బాగా చేస్తారు. ఇంతవరకూ చేయలేదంటే, ఆ సంఖ్యను చూడాలని మీకు అనిపించలేదేమోనని నా అనుమానం. కాగితం మీది చిత్రానికి అద్దం తప్పనిసరి కావడం, కాన్వాసు మీది తైలవర్ణానికి ఇచ్చే ధరను కాగితానికి ఇవ్వడానికి చాలామంది కొనుగోలుదారులు వెనుకాడడం, ఈ రెండూ నీటిరంగుల వారికి అదనపు భారాలు. ఇది న్యాయం కాదు, కానీ మార్కెట్ అలాగే ఉంది.

నీటిరంగులతో బతికేవారిలో ఎక్కువమంది కేవలం చిత్రాల అమ్మకంతో బతకరు. పాఠాలు చెబుతారు, పుస్తకాలకు, పత్రికలకు బొమ్మలు వేస్తారు, అడిగినవారి ఇంటినో తోటనో వేసిపెడతారు, ముద్రిత ప్రతులు అమ్ముతారు. వీటిలో కాస్త నికరంగా ఉండేది పాఠాలు చెప్పడమేనని నా అభిప్రాయం. అయితే మంచి వెలుతురున్న గంటలను కూడా అదే తినేస్తుంది, ఇతరుల కాగితాల మీది మరకలు దిద్దిన రోజున సొంత కాగితం ముందు కూర్చోబుద్ధి కాదు. అడిగించుకుని వేసే చిత్రాలు డబ్బిస్తాయి కానీ ఎవరికో నచ్చిన రంగులో ఎవరో చెప్పిన చోట చెట్టు వేయమంటాయి. ఇవన్నీ తప్పని పనులని మీరు చిరాకు పడతారా, లేక ఇవి కూడా ఈ వృత్తిలో భాగమేనని ఒప్పుకోగలరా అన్నది ముందే తెలుసుకోవాలి. మేనేజర్ మాట పడలేక బయటికొచ్చినవారికి, చిత్రం చేతికిచ్చాక “ఆకాశం ఇంకొంచెం నీలంగా ఉంటే బాగుండేది” అనే కొనుగోలుదారు మాట కూడా కొత్తేమీ అనిపించదు.

అందుకే ఒక పరీక్ష చెబుతున్నాను. మీకు పేరుకున్న సెలవులను, అవసరమైతే జీతం లేని సెలవును కలిపి కనీసం ఆరు వారాలు తీసుకోండి. విహారానికి, ఇంటి పనులకు అందులో చోటు లేదు. ఆఫీసు వేళల్లాగే వేళలు పెట్టుకుని, ఒకే విషయం మీద, ఉదాహరణకు ఒకే చెరువు గట్టునో ఒకే వీధినో తీసుకుని, వరసగా చిత్రించండి. వారంలో ఒక పూర్తి రోజు చిత్రం జోలికి పోకుండా ఫోటోలు తీయడం, ధరలు రాయడం, గ్యాలరీలకు ఉత్తరాలు పంపడం, చిత్రాలు ప్యాక్ చేయడం వంటి పనులకు కేటాయించండి. మొదటి వారం పండగలా ఉంటుంది, దాన్ని నమ్మకండి. మూడో వారంలో, చిత్రాలు వరసగా చెడిపోతున్నప్పుడు, సాయంత్రం మాట్లాడడానికి సహోద్యోగులెవరూ లేనప్పుడు, మర్నాడు ఉదయం బల్ల దగ్గరికి వెళ్లాలని మీకే అనిపిస్తోందా లేదా గమనించండి. ఆరు వారాల తర్వాత చిత్రాలన్నీ వరసగా గోడకు పెట్టి, మొహమాటం లేని ఒక చిత్రకారుణ్నో చిత్రకారిణినో పిలిచి, మొదటి వారం నుంచి చివరి వారానికి ఏం మారిందో అడగండి. “బాగున్నాయి” అనే మాట మీకు ఉపయోగపడదు. ఏం మారిందన్నదే కావాలి.

ఆ పరీక్షలో నిలబడితే తర్వాతి అడుగు రాజీనామా కానక్కరలేదు. వారానికి మూడు నాలుగు రోజులు పని చేసే ఏర్పాటు మీ సంస్థలో ఉందేమో అడగండి. లేకపోతే చిన్న సంస్థలకు కొన్ని గంటల పాటు లెక్కలు చూసిపెట్టే పని వెతుక్కోండి. మీ చేతిలో ఉన్న రెండో విద్య కాగితం, కుంచె కొనిపెట్టగల విద్య, దాన్ని శత్రువుగా చూడడం మానేయండి. ఆ తర్వాత మూడు పనులు జరిగితే పూర్తిగా మానేయమని నేనే చెబుతాను: ఇంటి ఖర్చూ అప్పు వాయిదాలూ కలిపి పద్దెనిమిది నెలలకు సరిపడే డబ్బు, పదవీ విరమణ పొదుపును ముట్టకుండా, విడిగా ఉండాలి, మీకు పరిచయం లేనివారు రెండేళ్ల పాటు వరసగా మీ చిత్రాలు కొంటూ ఉండాలి, సంస్థ ద్వారా మీ కుటుంబానికి ఉన్న ఆరోగ్య బీమా వంటి రక్షణలకు ప్రత్యామ్నాయం కుదిరి ఉండాలి. పద్దెనిమిది నెలలన్నది శాస్త్రం కాదు, నా జాగ్రత్త. అంతకంటే తక్కువైతే ఎనిమిదో నెలలోనే భయం మొదలై, చేయి సూర్యాస్తమయాల మీదికి పోతుంది.

వయసు గురించి మీరు అడగలేదు కానీ 39 అన్న అంకెను మొదటి వాక్యంలోనే పెట్టారు. అమెరికా చిత్రకారుడు విన్‌స్లో హోమర్ నీటిరంగులను గట్టిగా చేపట్టింది 1873లో, పత్రికలకు బొమ్మలు వేసే పని వదిలిపెట్టింది దాదాపు 1875లో. 1836లో పుట్టిన మనిషి కాబట్టి అప్పటికి ఆయనకూ 39 ఏళ్లే. ఆయన గొప్ప నీటిరంగు చిత్రాల్లో ఎక్కువ భాగం ఆ తర్వాతివే. ఏడాదో రెండేళ్లో ఆలస్యమైతే చేయి దాటిపోయే కళ కాదిది.

మీవారి మౌనం సంగతి. దాన్ని మీరు సమ్మతి అనుకున్నా, వ్యతిరేకత అనుకున్నా పొరపాటు పడే అవకాశం ఉంది. “నేను మానేస్తే మీకేమనిపిస్తుంది?” అని అడిగితే ఎవరైనా మౌనంగానే ఉంటారు, ఎందుకంటే ఆ ప్రశ్నకు ప్రేమగల జవాబు, నిజమైన జవాబు వేరువేరు కావచ్చు. దాని బదులు ఒక కాగితం మీద నెలవారీ ఖర్చు, మీ జీతం ఆగిన తర్వాత ఆయన జీతం మీద పడే భారం, ఎంత నష్టం వచ్చేదాకా ప్రయత్నించి ఎక్కడ ఆగాలనుకుంటున్నారో రాసి ఆయన ముందు పెట్టండి. ముఖ్యంగా ఆ ఆగే గీత. ఫలానా తేదీ నాటికి ఫలానా స్థితి రాకపోతే మళ్లీ ఉద్యోగంలో చేరతానని మీరే ముందు చెబితే ఆయన మాట్లాడడానికి వీలుంటుంది. అప్పు ఇద్దరి పేరా ఉన్నప్పుడు ధైర్యం కూడా ఒక్కరిదే కాకూడదు. పిల్లలకు కూడా చెప్పండి, కానీ వాళ్ల అభిప్రాయం మీద భారం వేయకండి.

చివరగా ఆ గులాబీ రంగు. కొన్నవారికి చెప్పండి, తప్పకుండా చెప్పండి. మీరు ట్యూబు పేరు రాయలేదు కానీ, నియాన్ దీపంలా మెరిసే ఒపేరా పింక్ రకం అయితే అందులోని మెరుపు రంగు వెలుతురుకు త్వరగా పోతుంది. సంప్రదాయ అలిజరిన్ క్రిమ్సన్, అంటే ట్యూబు మీద రంగు పదార్థపు సంకేతంగా పీఆర్ 83 అని ఉండేది, అది కూడా నిలిచే రంగు కాదు. నీటిరంగులు వెలుతురుకు వెలిసిపోతాయన్న సంగతిపై బ్రిటన్‌లో 1888లోనే రసెల్, అబ్నీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వివరమైన నివేదిక ఇచ్చారు. ఎడిన్‌బరోలోని జాతీయ గ్యాలరీ తనకు 1900లో వీలునామా ద్వారా వచ్చిన, ఆంగ్ల చిత్రకారుడు టర్నర్ నీటిరంగు చిత్రాలను నేటికీ వెలుతురు తక్కువగా ఉండే జనవరి నెలలోనే ప్రదర్శిస్తోంది. మీ దగ్గరున్న ప్రతి రంగునూ మంచి కాగితం ముక్కల మీద పట్టీలుగా వేసి, సగాన్ని నల్లటి అట్టతో కప్పి, ఎండ పడే కిటికీకి కొన్ని నెలలు అంటించి ఉంచండి. మారిన రంగులను డబ్బాలోంచి తీసేయండి; గులాబీ రంగుల కోసం క్వినాక్రిడోన్ అనే రంగు పదార్థంతో చేసిన రకాలు వాడుకోవచ్చు, అవి చాలావరకు నిలుస్తాయి. కొన్నవారికి రాసేటప్పుడు, చిత్రాన్ని ఎండ తగలని గోడకు మార్చమని, అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే అద్దం వెలిసిపోవడాన్ని నెమ్మదింపజేస్తుందే తప్ప ఆపదని చెప్పి, కావాలంటే అదే దృశ్యాన్ని నిలిచే రంగులతో మళ్లీ వేసి ఇస్తానని, లేదా డబ్బు వెనక్కి ఇస్తానని, ఏది కావాలో ఎంచుకోమని రాయండి. ఆ ఖర్చును కూడా నేను పైన చెప్పిన లెక్కలో కలపండి.